పాఠం 9: రాతలో ఆయుధం, చేతిలో ఆయుధం – చివరి రోమన్ కాలపు విసురు ఆయుధాలను తిరిగి రూపొందించడం

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- చివరి రోమన్ కాలంలో కాల్బలం చేతితో విసిరిన ముఖ్యమైన ఆయుధాల పేర్లు చెప్పగలుగుతారు.
- వాటిని గూర్చి తెలిపే ప్రాచీన గ్రంథాలను, వాటి బలాన్ని, బలహీనతను వివరించగలుగుతారు.
- పాత కొలతలను నేటి కొలతల్లోకి మార్చగలుగుతారు.
- వ్రాత ఆధారం, తవ్వకాల ఆధారం, ప్రయోగం – ఈ మూడూ ఒకదానినొకటి ఎలా సరిచూస్తాయో తెలుసుకుంటారు.
- ఒక చారిత్రక వాక్యం ఎంతవరకు నమ్మదగినదో మీరే నిర్ణయించగలుగుతారు.

9.1 పరిచయం

మన పెద్దలు ఆయుధాలను రెండు రకాలుగా చెప్పేవారు. చేతిలో ఉంచుకొని పోరాడేది శస్త్రం. విసిరేది, ప్రయోగించేది అస్త్రం. పురాణ కాలక్షేపాలలో శక్తి, తోమరం, భిండివాలం వంటి పేర్లు మీరు వినే ఉంటారు. అయితే ఎవరైనా మిమ్మల్ని, "తోమరం ఎంత పొడవు? భిండివాలాన్ని ఎలా పట్టుకునేవారు?" అని అడిగితే ఏమి చెబుతారు? పేరు తెలుసు. వస్తువు తెలియదు. చరిత్రకారులకు కూడా తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే. పేరు పుస్తకంలో మిగులుతుంది. కర్ర చివికిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది, దానిని వాడిన మనిషి ఉండడు.

గత పాఠాల్లో శాసనాలు, నాణేలు, గ్రంథాలు చరిత్రకు ఆధారాలని చదివారు. ఈ పాఠంలో ఒకే ఒక చిన్న వస్తువును తీసుకొని, ఈ ఆధారాలను ఎలా కలిపి వాడతారో చూద్దాం. ఆ వస్తువు రోమన్ సైనికుడు విసిరిన సీసపు బరువు గల చిన్న ఈటె. దాని పేరు ప్లంబాటా. లాటిన్ భాషలో ప్లంబమ్ అంటే సీసం. కాబట్టి ప్లంబాటా అంటే 'సీసం పట్టించినది' అని అర్థం.

9.2 ఆ కాలం, ఆ సైన్యం

క్రీ.శ. 284లో డయోక్లీషియన్ రోమన్ చక్రవర్తి అయ్యాడు. ఆయన మాక్సిమియన్‌ను తనతో సమానంగా చేర్చుకొని పాలన సాగించాడు. అప్పటినుంచి సుమారు 3 శతాబ్దాల కాలాన్ని మనం ఇక్కడ 'చివరి రోమన్ కాలం' అంటున్నాం. ఈ కాలంలో రైన్, డాన్యూబ్ నదుల సరిహద్దుల మీద గోతులు మొదలైన జాతులతోను, తూర్పున పారశీకులతోను రోమన్లు తరచు యుద్ధాలు చేశారు.

శత్రువుల గుర్రపు దళం దూసుకొని వస్తున్నప్పుడు కాల్బలం ఏమి చేయాలి? విలుకాండ్రు వేరుగా ఉంటారు. వరుసలో ముందు నిలిచినవాడి చేతుల్లో డాలు, ఈటె, కత్తి మాత్రమే ఉంటాయి. గుర్రం అతనిని చేరేలోపు దూరంనుంచి దెబ్బ కొట్టగల సాధనం అతనికి కావాలి. విసురు ఆయుధాల అవసరం ఇక్కడే వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. పాఠం చివర దీనితోనే ఒక లెక్క చేస్తాం.

9.3 వ్రాత ఆధారాలు

9.3.1 వెజీషియస్

మనకున్న ముఖ్య గ్రంథం వెజీషియస్ లాటిన్‌లో రాసిన యుద్ధశాస్త్ర సంగ్రహం. ఇది ఎప్పటిది? గ్రంథంలో గ్రేషియన్ చక్రవర్తిని మరణించినవాడిగా పేర్కొన్నాడు. గ్రేషియన్ మరణించింది క్రీ.శ. 383లో. ఈ గ్రంథం ప్రతిని ఒకరు కాన్‌స్టాంటినోపుల్‌లో 450లో సరిచూశారు. కనుక గ్రంథం 383కు, 450కు మధ్య రాసినది. గ్రంథంలోని మాటలనుంచే దాని కాలాన్ని ఎలా నిర్ణయిస్తారో దీనివల్ల మీకు తెలుస్తుంది.

వెజీషియస్ మొదటి భాగంలో కొత్తగా చేరిన సైనికుల శిక్షణను గూర్చి చెబుతూ సీసపు ఈటెలను ప్రస్తావించాడు. ఆయన చెప్పిన విషయాలు ఇవి:

(అ) వీటికి మాట్టియోబార్బులస్ అనే పేరు కూడా ఉంది.
(ఆ) ఇల్లిరికమ్ ప్రాంతంలో, ఒక్కొక్కదానిలో 6,000 మంది గల రెండు దళాలు వీటిని నేర్పుగా వాడేవి. అందువల్ల ఆ దళాలకు కూడా ఆ పేరే వచ్చింది.
(ఇ) డయోక్లీషియన్, మాక్సిమియన్ వారి పరాక్రమాన్ని మెచ్చి, ఆ దళాలకు యోవియాని, హెర్క్యులియాని అని కొత్త పేర్లు పెట్టారు.
(ఈ) ప్రతి సైనికుడు 5 ఈటెలను డాలు లోపలి వైపు అమర్చుకొని మోసేవాడు.
(ఉ) సమయం చూసి విసిరితే, డాలు పట్టిన సైనికుడే దాదాపు విలుకాని పని కూడా చేయగలడు. మామూలు విసురు ఆయుధాలు అందే దూరానికి రాకముందే మనుషులను, గుర్రాలను గాయపరచవచ్చు.

రెండవ భాగంలో ఇంకో రెండు ఆయుధాల కొలతలు ఇచ్చాడు. మొదటిది పెద్దది. దీనిని పూర్వం పైలమ్ అనేవారని, తన కాలంలో స్పికులమ్ అంటున్నారని చెప్పాడు. దీని ఇనుప మొన మూడు పలకలుగా, 9 ఉన్‌కియాల పొడవు ఉంటుంది. కర్ర 5 1/2 అడుగులు. రెండవది చిన్నది. తన కాలంలో దాని పేరు వెరూటమ్. మొన 5 ఉన్‌కియాలు, కర్ర 3 1/2 అడుగులు. నాలుగవ భాగంలో కోట ముట్టడిని గూర్చి చెబుతూ, గోడ మీదనుంచి కిందికి విసిరినప్పుడు ప్లంబాటాల వంటి ఆయుధాలు మరింత తీవ్రంగా తగులుతాయన్నాడు.

ఇక ఈ సాక్షి ఎలాంటివాడో ఆలోచించండి. వెజీషియస్ తన కాలపు సైన్యం క్షీణించిందని, పాత పద్ధతులను తిరిగి తేవాలని వాదించాడు. అందుకోసం కేటో, ఫ్రాంటినస్ వంటి పాత రచయితల నుంచి విషయాలు సేకరించానని తానే చెప్పాడు. అందువల్ల ఆయన గ్రంథంలో పాత సైన్యం, కొత్త సైన్యం కలగలిసి ఉన్నాయి. 'ప్రాచీన దళం' అనే వర్ణనలోనే చివరి రోమన్ కాలపు ప్లంబాటా కూడా వచ్చింది. చదివేవారు బియ్యంలో రాళ్లు ఏరినట్లు ఏది ఏ కాలానిదో ఏరుకోవాలి. అయితే "ఇప్పుడు దీనిని ఇలా అంటారు" అని ఆయన చెప్పిన చోట, ఆ పేరు ఆయన కాలంలో వాడుకలో ఉన్నదని నమ్మవచ్చు.

ఒక ముఖ్యమైన లోపాన్ని కూడా గమనించండి. ప్లంబాటా ఎన్ని ఉండాలో, ఎక్కడ పెట్టుకోవాలో వెజీషియస్ చెప్పాడు. కానీ అది ఎలా ఉంటుందో చెప్పలేదు! ఆ కాలపు పాఠకులకు అది తెలిసిన వస్తువే. మనం ఎవరికైనా ఉత్తరం రాస్తూ "కొడవలి తెచ్చుకో" అంటాం గాని, కొడవలి ఎలా ఉంటుందో వర్ణించం కదా!

9.3.2 పేరు తెలియని రచయిత

ఆ లోపాన్ని కొంతవరకు తీర్చేది మరో చిన్న గ్రంథం. దాని పేరు డి రెబస్ బెల్లికిస్, అంటే 'యుద్ధ వ్యవహారాలను గూర్చి'. రచయిత పేరు తెలియదు. ఇది క్రీ.శ. 4వ శతాబ్దం రెండవ సగంలో రాసినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇది చక్రవర్తులకు సమర్పించిన విన్నపం వంటిది. పన్నుల భారం తగ్గించాలని, సైన్యానికి కొత్త యంత్రాలు సమకూర్చాలని ఇందులో సూచనలున్నాయి. బొమ్మలు కూడా ఉన్నాయి.

ఈ రచయిత రెండు రకాల ప్లంబాటాలను వర్ణించాడు. ఒకటి ప్లంబాటా ట్రిబొలాటా. బాణం వంటి కర్రకు వేట ఈటె ఆకారపు ఇనుప మొన, దానికి సీసం, పల్లేరుకాయ ముళ్లలా పొడుచుకువచ్చే ముళ్లు ఉంటాయి. గురి తప్పి నేల మీద పడినా, ముల్లు పైకి నిలిచి, తొక్కినవారి కాలిలో దిగుతుంది. రెండవది ప్లంబాటా మామిల్లాటా. దీనికి గుండ్రని మొన ఉండి చివర కొసదేరి ఉంటుంది.

ఈయన చెప్పిన మరో చిన్న వివరం చాలా విలువైనది. కర్ర వెనుక భాగంలో వేగం కోసం ఈకలు అమర్చాలి. ఆ ఈకల తరువాత, పట్టుకొనే చేతి వేళ్లకు సరిపడా ఖాళీ వదలాలి. అంటే దీనిని మామూలు బల్లెంలా నడుమ పట్టుకోరు. తోక దగ్గర, ఈకల వెనుక పట్టుకుంటారు. ఈ ఒక్క వాక్యం తరువాతి ప్రయోగాలకు దారి చూపింది.

ఈ సాక్షిని కూడా పరీక్షిద్దాం. మొదటి సంగతి: ఇదే పుస్తకంలో ఎద్దులు తిప్పే చక్రాలతో నడిచే యుద్ధనౌక కూడా ఉంది. కాబట్టి ఇందులోనివన్నీ సైన్యంలో నిజంగా వాడినవని అనుకోరాదు. కొన్ని రచయిత ఊహలు, ప్రతిపాదనలు కావచ్చు. రెండవ సంగతి: ఈ గ్రంథం జర్మనీలోని స్పైయర్ పట్టణంలో ఉన్న ఒకే ఒక పాత ప్రతి ద్వారా మనకు చేరింది. ఆ ప్రతి తరువాత కాలంలో పోయింది. దానినుంచి తీసిన నకళ్లే మిగిలాయి. వాటిలో ఒకటి 1436లో తయారైంది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. బొమ్మలను నకలు తీసిన చిత్రకారుడు వెయ్యి సంవత్సరాల తరువాతి వాడు. అతను ప్లంబాటాను కంటితో చూడలేదు. అందువల్ల బొమ్మలోని ప్రతి గీతను రోమన్ గీతగా నమ్మరాదు.

9.3.3 ఇతర గ్రంథాలు

అమ్మియానస్ మార్సెల్లినస్ 4వ శతాబ్దపు చరిత్రకారుడు. ఆయన స్వయంగా సైన్యంలో పనిచేసినవాడు. 377లో అడ్ సాలికేస్ అనే చోట గోతులతో జరిగిన యుద్ధాన్ని వర్ణిస్తూ, ఇరుపక్షాలు వెరూటములు, ఇతర ఆయుధాలు దూరంనుంచి విసురుకున్నాయని రాశాడు. వెజీషియస్ చెప్పిన పేరును ఇలా మరొక సాక్షి బలపరుస్తున్నాడు.

నొటీషియా డిగ్నిటాటమ్ అనేది సామ్రాజ్యంలోని ఉద్యోగాల, దళాల పట్టిక. యోవియాని, హెర్క్యులియాని దళాల పేర్లు ఇందులోనూ కనిపిస్తాయి. కనుక ఆ దళాలు నిజంగా ఉన్నాయి. ఇది కూడా స్పైయర్ ప్రతి ద్వారానే మనకు అందింది.

క్రీ.శ. 600 ప్రాంతంలో గ్రీకులో రాసిన స్ట్రాటెజికాన్ అనే సైనిక గ్రంథాన్ని మారిస్ చక్రవర్తి పేరున చెబుతారు. కాల్బలానికి మార్ట్జోబార్బులాలు ఉండాలని, తేలిక దళం వాటిని తోలు సంచుల్లో ఉంచుకోవాలని ఇందులో ఉంది. అంటే సుమారు 300 సంవత్సరాల పాటు ఈ ఆయుధం వాడుకలో ఉన్నదన్నమాట.

ఇక్కడ పేరు విషయం గమనించండి. వెజీషియస్ ప్రతుల్లో కొన్నింట మాట్టియో అని, కొన్నింట మార్టియో అని ఉంది. మార్టియో అయితే యుద్ధదేవుడైన మార్స్ పేరుతో సంబంధం కలుగుతుంది. మాట్టియో అయితే సుత్తిని సూచించే మాటతో ముడిపెట్టవచ్చు. గ్రీకు రూపంలోని 'మార్ట్' మొదటి పాఠాన్ని బలపరుస్తుంది. కానీ అది తరువాతి కాలపు సాక్ష్యం. ఒక్క అక్షరం మీద ఇంత చర్చ ఎందుకంటే, ఆయుధం ఆకారాన్ని కొందరు దాని పేరునుంచే ఊహించాలని చూస్తారు. పేరు ఒక సూచన మాత్రమే, రుజువు కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. వెజీషియస్ గ్రంథం 383 తరువాతిదని ఎలా చెప్పగలం?
2. ప్లంబాటాను ఎక్కడ పట్టుకోవాలో తెలిపిన గ్రంథం ఏది?
3. డి రెబస్ బెల్లికిస్‌లోని బొమ్మలను పూర్తిగా ఎందుకు నమ్మకూడదు?

9.4 పాత కొలతలు, కొత్త కొలతలు

రోమన్ అడుగు మన అడుగు కంటే కొంచెం చిన్నది. అది సుమారు 29.6 సెంటీమీటర్లు. అందులో 12వ వంతు ఒక ఉన్‌కియా, అంటే సుమారు 2.47 సెంటీమీటర్లు. ఇప్పుడు స్పికులమ్ కొలతలు మారుద్దాం.

మొన: 9 × 2.47 = సుమారు 22 సెం.మీ.
కర్ర: 5.5 × 29.6 = సుమారు 163 సెం.మీ.

మన లెక్కలో చెప్పాలంటే మొన దాదాపు ఒక జాన. కర్ర మూడున్నర మూరలకు కొద్దిగా ఎక్కువ. అంటే ఒక మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండే ఆయుధం. కాగితం మీది అంకె ఇప్పుడు మీ కళ్లకు కట్టింది కదా!

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నకలు రాసేవారు పదాల్లో కంటే అంకెల్లో ఎక్కువగా తప్పులు చేస్తారు. ఒక గీత తగ్గితే ఆయుధం పొడవే మారిపోతుంది. కాబట్టి అంకెను తవ్వకాల్లో దొరికిన వస్తువుతో పోల్చి చూడాలి.

9.5 భూమిలో దొరికిన సాక్ష్యం

చాలాకాలం ప్లంబాటా పుస్తకాల్లోని పేరుగానే ఉండేది. ఇంగ్లండ్‌లోని రాక్సెటర్ వద్ద ఉన్న రోమన్ పట్టణంలో దొరికిన కొన్ని ఇనుప మొనలను 1970లలో పరిశోధకులు ప్లంబాటాలుగా గుర్తించి ప్రకటించారు. ఆ తరువాత ఇటువంటివి అనేక చోట్ల గుర్తింపు పొందాయి. బ్రిటన్ కోటలు, జర్మనీ, ఆస్ట్రియా, డాన్యూబ్ తీరం, నల్లసముద్రం ఒడ్డున జార్జియాలోని పిత్యుస్ కోట వరకు ఇవి దొరికాయి. సామ్రాజ్యపు సరిహద్దుల వెంట ఎక్కువగా దొరకడం, ఇది సైన్యం వాడిన ఆయుధమనే మాటను బలపరుస్తుంది.

దొరికిన వస్తువు ఎలా ఉంటుంది? ముందు చిన్న ఇనుప మొన; చాలావాటికి గాలంలా వెనక్కి తిరిగిన కొక్కేలు ఉంటాయి. దాని వెనుక సన్నని ఇనుప కాడ. కాడ కర్రతో కలిసే చోట, అతుకు చుట్టూ పోసిన సీసపు ముద్ద. అక్కడితో సరి. కర్ర చివికిపోయింది. ఈకలు మిగల్లేదు. తవ్వకాల్లో దొరికినవాటిలో అత్యధికం పల్లేరు ముళ్లు లేనివే. కాబట్టి పేరు తెలియని రచయిత చెప్పిన ముళ్ల ప్లంబాటా సైన్యంలో అందరూ వాడిన రకం కాదని భావించవచ్చు.

సీసాన్నే ఎందుకు వాడారు? మూడు కారణాలు చెప్పవచ్చు. ఒకటి, సీసం ఇనుము కంటే బరువైనది. ఒక ఘన సెంటీమీటరు ఇనుము సుమారు 7.9 గ్రాములుంటే, సీసం సుమారు 11.3 గ్రాములుంటుంది. చిన్న ముద్దలోనే ఎక్కువ బరువు ఇముడుతుంది. చేపలు పట్టేవారు విసురు వల అంచుకు సీసపు గుళ్లు కట్టేది ఇందుకే. రెండు, సీసం సుమారు 327 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది. ఇనుము కరగడానికి 1,500 డిగ్రీలు దాటాలి. కనుక మామూలు నిప్పుల మీద కరిగించి అచ్చులో పోయవచ్చు. మూడు, బరువు ముందు భాగంలో ఉంటే మొన ముందుకే వెళుతుంది. బ్యాడ్మింటన్ ఆటలో షటిల్‌ను ఎలా కొట్టినా బరువైన బిరడా వైపే ముందుకు తిరుగుతుంది. ఈకలు వెనక్కి పోతాయి. ప్లంబాటాలో సీసం, ఈకలు చేసే పని అదే.

9.6 తయారుచేసి, విసిరి చూడటం

గ్రంథం కొంత చెప్పింది. భూమి కొంత చూపింది. మిగిలిన ఖాళీని నింపడానికి పరిశోధకులు నమూనాలు తయారుచేసి విసిరి చూశారు. దీనిని ప్రయోగాత్మక పురావస్తుశాస్త్రం అంటారు. తెలియని విషయాలు ముఖ్యంగా రెండు: కర్ర ఎంత పొడవు? ఎలా విసరాలి?

కర్ర పొడవును నిర్ణయించడంలో డాలు సాయపడింది. 5 ఈటెలు డాలు లోపల ఇమడాలని వెజీషియస్ చెప్పాడు కదా. మనిషి ఎత్తు కర్ర అయితే డాలు వెనుక ఇమడదు. పైకి పొడుచుకువచ్చి చేతికి అడ్డం వస్తుంది. కనుక ప్లంబాటా కర్ర స్పికులమ్ కర్ర కంటే చాలా పొట్టిగా, బాణాన్ని పోలి ఉండాలి. పేరు తెలియని రచయిత కూడా దీనిని బాణంతోనే పోల్చాడు. రెండు వేర్వేరు గ్రంథాలు ఒకే వైపు చూపుతున్నాయి. బరువు సంగతి కూడా ఆలోచించండి. ఉదాహరణకు ఒక్కొక్కటి 250 గ్రాములు అనుకుంటే, 5 కలిసి 1,250 గ్రాములు. డాలు బరువుకు తోడు ఒకటింబావు కిలో. మోయగలిగిందే, కానీ విసిరేసిన తరువాత డాలు తేలికయిందని సైనికుడు సంతోషించి ఉంటాడు!

విసిరే పద్ధతిని ప్రయోగాలు తేల్చాయి. తోక దగ్గర పట్టుకొని భుజం మీదుగా విసిరితే, ముందు బరువు వల్ల మొన కిందికి వాలి అదుపు తప్పుతుంది; దూరం తక్కువ. చేతిని కిందినుంచి ఊపి పైకి వదిలితే, వడిసెల తిప్పినట్లు వేగం పుంజుకొని ఎత్తుగా లేచి చాలా దూరం పోతుంది. ఈ పద్ధతిలో సుమారు 60 మీటర్లు, కొన్ని నమూనాలతో ఇంకా ఎక్కువ దూరం సాధించారు. పైగా అది నిటారుగా కిందికి దిగుతుంది. ముందుకు పట్టిన డాలు, తల మీద నుంచి పడే ఈటెను ఆపలేదు.

ఇప్పుడు మొదట చెప్పిన లెక్క చేద్దాం. దూసుకొచ్చే గుర్రం వేగం గంటకు 40 కిలోమీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు సుమారు 11 మీటర్లు.

30 మీటర్ల దూరం: 30 ÷ 11 = సుమారు 2.7 సెకన్లు.
60 మీటర్ల దూరం: 60 ÷ 11 = సుమారు 5.5 సెకన్లు.

ఒక ఈటె విసిరి, డాలు వెనుకనుంచి మరొకటి తీయడానికి 2 సెకన్లు పడుతుందనుకుందాం. 30 మీటర్లే పోయే ఆయుధమైతే ఒకటి లేక రెండు విసరడానికే వ్యవధి ఉంటుంది. 60 మీటర్లు పోయేదైతే రెండు, మూడు విసరవచ్చు. వరుసలో నిలిచిన సైనికుడికి ఆ మూడు సెకన్లు ప్రాణంతో సమానం. పట్టు ఎక్కడ అనే చిన్న వివరం ఎంత పెద్ద మార్పు తెచ్చిందో చూడండి. మామూలు ఆయుధాలు అందే దూరానికి ముందే శత్రువును గాయపరచవచ్చన్న వెజీషియస్ మాట గొప్పలు చెప్పుకోవడం కాదని, సాధ్యమైన విషయమేనని ఇప్పుడు చెప్పవచ్చు.

కానీ ఇక్కడ ఆగి ఆలోచించాలి. ప్రయోగం 'ఇలా చేయవచ్చు' అని చూపుతుంది. 'ఇలాగే చేశారు' అని రుజువు చేయదు. మైదానంలో ఒంటరిగా నిలిచి విసరడం వేరు. ముందు, వెనుక, పక్కన మనుషులుండగా, భయంతో, డాలు పట్టుకొని విసరడం వేరు. చేతిని వెనక్కి ఊపడానికి వరుసల మధ్య ఖాళీ కావాలి. దగ్గరికి వచ్చిన శత్రువు మీద భుజం మీదుగా విసిరి ఉండవచ్చు కూడా. ఇంకొక ప్రమాదం ఉంది. వెజీషియస్ మాట నిజం కావాలని నమూనాను మార్చుకుంటూ పోయి, చివరికి "చూశారా, నమూనా వెజీషియస్ మాటను రుజువు చేసింది" అనడం తగదు. అది గానుగెద్దు నడక; తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే చేరుతుంది. అందుకే నమూనా మొన, సీసం బరువు తవ్వకాల్లో దొరికిన వస్తువుల ప్రకారమే ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

4. వెరూటమ్ మొన, కర్ర పొడవులను సెంటీమీటర్లలోకి మార్చండి.
5. ప్లంబాటా కర్ర పొట్టిగా ఉండి ఉంటుందని చెప్పడానికి రెండు ఆధారాలు రాయండి.

9.7 ఏది ఎంత నమ్మదగినది?

ఇంతవరకు తెలుసుకున్న విషయాలను మూడు మెట్లుగా అమర్చవచ్చు.

మొదటి మెట్టు – గట్టి విషయాలు: ప్లంబాటా అనే ఆయుధం ఉంది. ఇనుప మొన, సీసపు బరువు ఉన్నాయి. ఇక్కడ గ్రంథం, తవ్వకం రెండూ ఏకీభవిస్తున్నాయి.

రెండవ మెట్టు – బలమైన అనుమానాలు: పొట్టి కర్ర, తోక దగ్గర పట్టు, కిందినుంచి ఊపి విసరడం. ఇక్కడ గ్రంథం చెప్పినదానికి ప్రయోగం తోడైంది. కర్ర, ఈకలు మాత్రం దొరకలేదు.

మూడవ మెట్టు – ఒకే సాక్షి గల విషయాలు: ముళ్ల ప్లంబాటా, 5 అనే సంఖ్య, ఒక్కొక్క దళంలో 6,000 మంది వంటివి.

సంగ్రహాలయంలో అద్దాల పెట్టెలో ఒక పూర్తి ప్లంబాటాను చూస్తే, అందులో మొన 1,600 సంవత్సరాల నాటిది, కర్ర మాత్రం నేటి మనిషి అంచనా అని మీరు గుర్తించాలి. రెండింటినీ ఒకటిగా చూపితే అంచనా క్రమంగా వాస్తవంగా చెలామణి అవుతుంది. తరువాతి పుస్తకాలు దానినే తిరిగి రాస్తాయి.

9.8 మన దేశంలో ఇలాంటి సమస్య

కౌటిల్యుని అర్థశాస్త్రం తాళపత్ర ప్రతి 20వ శతాబ్దం మొదట్లో మైసూరులో ఆర్. శామశాస్త్రికి లభించింది. ఆయన 1909లో దానిని అచ్చు వేయించారు. అందులో శక్తి, ప్రాసం, కుంతం, భిండిపాలం, శూలం, తోమరం మొదలైన ఆయుధాల పట్టిక ఉంది. వెజీషియస్ వలెనే ఈ పట్టికలోనూ పేర్లే ముఖ్యం. భిండిపాలానికి నిఘంటువులు 'చేతితో విసిరే చిన్న ఈటె' అనీ, 'వడిసెల' అనీ రెండు అర్థాలు ఇస్తాయి. ఈ రెండూ పూర్తిగా వేరైన వస్తువులు. మన పురాణాల్లో కనిపించే ఆయుధాల పేర్లను కూడా ఇదే పద్ధతిలో గ్రంథం, శిల్పం, తవ్వకం పక్కపక్కన పెట్టి పరిశీలించవచ్చు.

9.9 మీరే చేసి చూడండి

ఒక మూరెడు పొడవు గల తేలికైన రెల్లు పుల్లను తీసుకోండి. ఒక చివర ఉసిరికాయంత మెత్తని బంకమట్టి ముద్ద అంటించండి. రెండవ చివర నాలుగు వేళ్లు వదిలి, మూడు కాగితపు రెక్కలు అంటించండి. మనుషులు, పశువులు లేని ఖాళీ స్థలంలో భుజం మీదుగా 5 సార్లు, కిందినుంచి ఊపి 5 సార్లు విసిరి, దూరాన్ని అడుగులతో కొలవండి. తరువాత కాగితపు రెక్కలు తీసేసి మళ్లీ చేయండి. ఫలితాలను పట్టికగా రాసుకోండి.

హెచ్చరిక: మొన గల వస్తువులు వాడకండి. సీసాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఇంట్లో కరిగించకండి. దాని పొగ, పొడి విషం. పిల్లలకు మరీ ప్రమాదం.

9.10 సారాంశం

చివరి రోమన్ కాలపు కాల్బలం స్పికులమ్, వెరూటమ్, ప్లంబాటా అనే ఆయుధాలను విసిరేది. వెజీషియస్ వాటి పేర్లు, వాడకం, కొన్ని కొలతలు తెలిపాడు. పేరు తెలియని మరో రచయిత ప్లంబాటా ఆకారాన్ని, పట్టుకునే చోటును తెలిపాడు. తవ్వకాలు మొనను, సీసాన్ని చూపాయి. ప్రయోగాలు విసిరే పద్ధతిని సూచించాయి. ఏ ఒక్క ఆధారమూ తనంతట తాను చాలదు. ప్రతి సాక్షిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు చెప్పారు, ఆ మాట మనదాకా ఎలా వచ్చింది అని ప్రశ్నించాలి. చరిత్ర పుస్తకంలోనే కాదు, వార్తాపత్రికలో చదివిన మాటకు, ఊళ్లో విన్న మాటకు కూడా ఈ నాలుగు ప్రశ్నలు పనికివస్తాయి.

కొత్త పదాలు

కాల్బలం: నడిచి పోరాడే సైన్యం
నకలు: మూలాన్ని చూసి రాసిన ప్రతి
వడిసెల: రాయి పెట్టి తిప్పి విసిరే సాధనం
ప్రయోగాత్మక పురావస్తుశాస్త్రం: పాత వస్తువుల నమూనాలు చేసి, వాడి చూసి తెలుసుకునే పద్ధతి

పాఠాంత ప్రశ్నలు

1. వెజీషియస్‌ను ఒక సాక్షిగా భావించి, ఆయన బలాలను, పరిమితులను 10 వాక్యాల్లో రాయండి.
2. "ప్రయోగం సాధ్యతను చూపుతుంది, జరిగినదానిని రుజువు చేయదు" – వివరించండి.
3. మీ ఇంట్లోగాని ఊళ్లోగాని ఇప్పుడు వాడుకలో లేని ఒక పనిముట్టును ఎన్నుకోండి. దానిని చూడనివారు తయారు చేయగలిగేలా కొలతలతో, పట్టుకునే విధానంతో వర్ణించండి.

ప్రగతి ప్రశ్నలకు జవాబులు

1. 383లో మరణించిన గ్రేషియన్‌ను మరణించినవాడిగా పేర్కొనడం వల్ల.
2. డి రెబస్ బెల్లికిస్.
3. మూల ప్రతి పోయింది; ఉన్నవి ప్లంబాటాను చూడని తరువాతి కాలపు చిత్రకారుల నకళ్లు.
4. మొన: 5 × 2.47 = సుమారు 12 సెం.మీ. కర్ర: 3.5 × 29.6 = సుమారు 104 సెం.మీ.
5. అయిదు ఈటెలు డాలు లోపల ఇమడాలని వెజీషియస్ చెప్పడం. పేరు తెలియని రచయిత కర్రను బాణంతో పోల్చడం.